పైన్ చెట్ల బెరడు పురుగు నోరు, మీసాలు: సెమినార్‌కి మన కొబ్బరి ముక్కు పురుగుని చూపిస్తే నడుస్తుందా?

లంకపిల్ల_గన్నవరం

అందరికీ నమస్తే అండి. మాది పి.గన్నవరం దగ్గర లంక, బీఎస్సీ అగ్రికల్చర్ థర్డ్ ఇయర్. ఎంటమాలజీ సెమినార్‌కి చీటీలు తీస్తే క్లాసులో అందరికీ కాండం తొలిచే పురుగు, దోమపోటు, తెల్లదోమ లాంటివి వచ్చాయి, నాకు మాత్రం పైన్ చెట్లకి పట్టే బార్క్ బీటిల్స్ నోటి భాగాలు, వాటి మీదుండే సెన్సరీ స్ట్రక్చర్స్ వచ్చింది. పైన్ చెట్టంటే అరకు వెళ్లినప్పుడు బస్సు కిటికీలోంచి చూడటమే, దాని బెరడు కూడా ముట్టుకుని ఎరగను, ఇంక దాని పురుగు సంగతి చెప్పక్కర్లేదు.

చదివితే సెన్సిల్లా (తాకుడు, రుచి, వాసన తెలుసుకునే సన్న వెంట్రుకలు, మొటిమలు) అంటూ కీటికా, బేసికోనికా, ట్రైకోడియా అని పేర్లే పేర్లు, ఏది ఎందుకో తలకెక్కట్లేదు. నాకు అర్థం కానిది ఏంటంటే, మీసాలతో వాసన పడుతుంది కదా మరి నోటి దగ్గర వేళ్లలా ఉండే పాల్ప్స్ మీద మళ్లీ అన్ని వెంట్రుకలు, మొటిమలు ఎందుకు, రెండూ ఒకటే పని చేస్తాయా? ఇంకోటి, ముక్కు పురుగు, బార్క్ బీటిల్ ఒకే కుటుంబం అని ఉంది, కర్క్యులియోనిడే. మా తోటలో ట్రాపులో ముక్కు పురుగులు బకెట్ల కొద్దీ పడతాయి కాబట్టి వాటి తల కోసి మైక్రోస్కోప్ కింద చూపించి ఇదే అదీ అని చెప్పేస్తే మేడం ఒప్పుకుంటారా? ఇంటి వెనక ఆరేసిన మామిడి కట్టెల్లో కూడా సన్న సన్న చిల్లులు పడి పొడి రాలుతోంది, అందులో నువ్వుగింజంత నల్ల పురుగులున్నాయి, అవేంటో కూడా ఎవరైనా చెప్పండి ప్లీజ్.

ఓడలరేవు_రాజు

పైన్ చెట్టు కోసం అరకు దాకా ఎందుకమ్మా, మా సముద్రం ఒడ్డునంతా సరుగుడు తోటలే, చూడ్డానికి అచ్చం అదే. బెరడు పురుగు కూడా ఉంది మాకు, సరుగుడు మొదట్లో బెరడు మీద గూడులాగా పొట్టూ దారాలూ కట్టేసి కింద తినేస్తుంది. ఫోటో కావాలంటే పెడతాను.

దేవదారు_నీడ

రాజు గారూ, ఆ ఫోటో సెమినార్‌లో పెడితే పాప మార్కులు పోతాయండి 😄 సరుగుడు పైన్ కాదు, అసలు పైన్‌కి చుట్టం కూడా కాదు, అది పూలు పూసే చెట్టు, సూదుల్లా కనపడేవి ఆకులు కావు, సన్నటి పచ్చ కొమ్మలు, కణుపుల దగ్గర ఉండే చిన్న పొలుసులే ఆకులు. మీరు చెప్పిన గూడు పురుగు ఇండర్బెలా, సీతాకోక జాతి గొంగళి, మామిడికీ జామకీ కూడా పడుతుంది. రాత్రి పూట గూడులోంచి వచ్చి బెరడు గీకి తింటుంది. బీటిల్‌కీ దానికీ సంబంధం లేదు.

ఇంక చెల్లీ నీ ప్రశ్న. నాది అమలాపురమే, ఇప్పుడు ఉత్తరాఖండ్‌లో అడవి పురుగుల మీద పని చేస్తున్నా, ఇక్కడ చీర్ పైన్‌కి ఇప్స్ లాంగిఫోలియా అనే బార్క్ బీటిల్ పడుతుంది, రోజూ చూసేదే కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందు నోరు. ఇంటర్‌లో బొద్దింక నోటి భాగాలు గీసుంటావు కదా, అదే లెక్క, కొరికి నమిలే రకం, కాకపోతే కొన్ని తగ్గించేసుకుంది. పై పెదవి అంటే లేబ్రం దీనికి విడిగా ఉండదు, కాబట్టి తలని ముందు నుంచి చూస్తే మాండిబుల్స్, అంటే దవడలు, రెండూ ఎదురుగానే కనపడతాయి. పొట్టిగా, లావుగా, గట్టిగా, లోపలి అంచున పళ్లతో ఉంటాయి. రెండు చోట్ల కీలు బిగించి ఉండటం వల్ల మనలా పైకీ కిందకీ ఆడవు, పక్కలకే తెరుచుకుని మూసుకుంటాయి. మూసే కండరం మరీ పెద్దది, తలలో చాలా భాగం దానికే పోతుంది, తెరిచే కండరం చిన్నది. బెరడు కోసేదీ, దాని కింద ఫ్లోయంలో, అంటే చెట్టు తిండి కిందకి దిగే పొరలో, సొరంగం తవ్వేదీ వీటితోనే.

మాండిబుల్స్ కింద మాక్సిల్లా, అంటే రెండో దవడల జత. బొద్దింకలో దాని రెండు తమ్మెలు లాసీనియా, గేలియా విడివిడిగా చూశావు కదా, ఇక్కడ ఆ రెండూ కలిసిపోయి ఒకటే తమ్మె అయిపోయింది, దాని లోపలి అంచున గట్టి ముళ్లు వరసగా ఉంటాయి, కొరికిన పొట్టుని లోపలికి తోసేది అదే. దానికి పక్కనే మాక్సిలరీ పాల్ప్, పొట్టిగా మూడు ముక్కలు, చివరికి వెళ్లేకొద్దీ సన్నం. వీటి మధ్యన కింద పెదవి లేబియం, దానికి ఇంకా చిన్న పాల్ప్స్ జత. పురుగే 5 మిల్లీమీటర్లు, తల మహా అయితే ఒక మిల్లీమీటరు, అందులో పాల్ప్ చివరంటే ఎంతుంటుందో నువ్వే ఊహించుకో.

ఆ చివర మీదే నీ మొటిమల గుంపు ఉంటుంది. గుండ్రటి మెత్తటి పొర, దాని మీద దగ్గర దగ్గరగా పొట్టి మేకులు. పేర్లు బట్టీ పట్టకు, వాటికి రంధ్రం ఎక్కడుందో చూడు చాలు, పనేంటో అదే చెబుతుంది. వెంట్రుకకి రంధ్రమే లేకుండా మొదట్లో గిన్నెలాంటి కీలుంటే అది తాకుడు తెలుసుకునేది, కీటికా చాలావరకు అంతే, వంగితే చాలు మొదట్లోని నరానికి కబురు వెళుతుంది. కొన కొసన ఒకే ఒక్క రంధ్రం ఉంటే అది రుచి చూసేది, తడి రసం ఆ రంధ్రానికి అంటుకుంటేనే పని చేస్తుంది. గోడ నిండా సన్న రంధ్రాలుంటే వాసన పట్టేది, గాలిలో తేలే అణువులు ఆ రంధ్రాల్లోంచి లోపలి నరాల దగ్గరికి వెళ్తాయి, మీసాల మీద బేసికోనికా అనేవి ఎక్కువ ఈ రకం. చిన్న గుంటలో మేకు దిగబడి గోడకి రంధ్రాలేవీ లేకపోతే తేమ, వేడి తెలుసుకునేది అనుకోవచ్చు. ట్రైకోడియాతో మాత్రం జాగ్రత్త, కొన్ని వాసనకి, కొన్ని తాకుడికి, పేరు చూసి పని రాయకు, చాలామంది స్లైడ్లలో అక్కడే దొరికిపోతారు.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న, రెండూ ఒకటే పనా అని. కాదు. దూరం వేరు. మీసం ఎగురుతున్నప్పుడు పని చేసేది, పైన్ చెట్టులోంచి వచ్చే ఆల్ఫా పైనీన్ లాంటి జిగురు వాసనలు, ముందే వచ్చిన పురుగులు వదిలే పిలుపు వాసన, అన్నీ దాని గుండుకే తెలుస్తాయి. చివరి ముక్క చప్పటి గుండులా ఉంటుంది, క్లబ్ అంటారు, వాసన పట్టే మేకులు దాని మీద పట్టీలు పట్టీలుగా ఉంటాయి. దాని కింద ఫ్యూనికిల్, ఇప్స్‌కి ఐదు ముక్కలు, ఆ కింద పొడవాటి స్కేప్. మీసం మధ్యలో మోచెయ్యిలా వంగుతుంది, సొరంగంలో దూరినప్పుడు మడిచి తల పక్కకి చేర్చుకుంటుంది, లేకపోతే పొట్టుకీ జిగురుకీ పాడైపోదూ. మీసం మొదట్లో చిన్న చిన్న ముళ్ల గుంపులుంటాయి, బోమ్ బ్రిసిల్స్ అంటారు, మీసం ఇప్పుడు ఎటు తిరిగుందో పురుగుకి చెప్పేవి అవే.

చెట్టు మీద వాలాక దూరం వాసనతో పని లేదు, నోరు బెరడుకి ఆనించాక పాల్ప్స్‌తో తడుముతూ కొరుకుతూ రుచి చూస్తుంది. అది తన చెట్టు కాకపోయినా, బెరడులో దానికి పడని పదార్థాలున్నా తొలవడం మానేసి ఎగిరిపోతుంది. అంటే వాసన తీసుకొస్తుంది, రుచి ఉండనిస్తుంది. సెమినార్‌లో ఇదొక్కటి సరిగ్గా చెబితే మిగతా పేర్లన్నీ వాటంతట అవే కూర్చుంటాయి.

అంబాజీపేట_రైతుబిడ్డ

బాగా చెప్పారండి. మాకు తెలిసిన ముక్క మేమూ చెప్తాం, ఆయ్. ఆ పిలుపు వాసన సంగతి మాకు పుస్తకంలో చదివి తెలిసింది కాదు, ముక్కు పురుగు ట్రాపుల దగ్గర తెలిసింది. మూతకి ఆ పిలుపు వాసన మందు పొట్లం కట్టి ఊరికే వదిలేస్తే పడేవి తక్కువ, బకెట్లో నాలుగు అరటిపళ్లూ కాస్త బెల్లం కలిపిన నీళ్లో, కల్లు దొరికితే కల్లో పోసి పులియనిస్తే అప్పుడు చూడాలి. పొట్లం వాసన మగ పురుగుది అంటారు, కానీ పడేవి ఎక్కువ ఆడవే. బకెట్ బయట గోనెపట్టా చుట్టాలండి, నున్నగా ఉంటే పాకలేక జారిపోతాయి. ఇంకోటి, దాన్ని తీసుకెళ్లి చిన్న మొక్కల మధ్య మాత్రం కట్టకండి, ట్రాపు దాకా వచ్చి అందులో పడనివి పక్క మొక్కకి పడతాయి.

మా నాన్నగారైతే పచ్చి మట్ట నరకనిచ్చేవారు కాదు, దింపుల వాళ్లు చెట్టెక్కడానికి గంట్లు పెడితే గొడవే. గాయం వాసనకే వస్తుంది ముక్కు పురుగు. కొమ్ము పురుగు మొవ్వులో తొలిచిన చిల్లుందంటే దాని వెనకే ఇది గుడ్లు పెట్టడానికి వచ్చేస్తుంది. 96 నవంబర్ తుఫానులో పడిపోయిన చెట్లు తియ్యకుండా వదిలేసిన తోటల్లో ఆ కుళ్లిన మోడుల్లోనే కొమ్ము పురుగు పిల్లలు పెరిగాయని మా ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

నాదో డౌటండి నీడ గారూ, ముక్కు పురుగులో చెట్టుని చంపేది పిల్ల పురుగే, పెద్దది కాదు. మరి మీ పైన్ పురుగు అంత బుల్లిది, నోరెంత గట్టిదైనా అంత పెద్ద చెట్టుని ఎలా చంపుతుందండి?

దేవదారు_నీడ

మంచి ప్రశ్న వేశారు. ఒక్కటి చంపలేదు. ఒకటి రెండు వస్తే పైన్ చెట్టు జిగురు కార్చి చిల్లులోనే ముంచేస్తుంది. అందుకే పిలుపు వాసన. ముందొచ్చినవి తొలుస్తూ వాసన వదులుతాయి, దానికి వందల కొద్దీ ఒకేసారి దిగుతాయి, అప్పుడు చెట్టు జిగురు చాలదు. అమెరికా, కెనడాల్లో మౌంటెన్ పైన్ బీటిల్ అని ఉంది, డెండ్రాక్టోనస్ పాండరోసే, దాని ఆడది చెట్టులోని ఆల్ఫా పైనీన్‌నే ఒంట్లో మార్చి ట్రాన్స్ వెర్బెనాల్‌గా వదులుతుంది, చెట్టు సొంత కవచంలోంచే చెట్టు మీదకి పిలుపు తయారవుతుందన్నమాట. చెట్టు నిండిపోయాక వెర్బెనోన్ అనే ఇంకో వాసన వస్తుంది, అది ఇక చాలు రావద్దని, అక్కడ ముఖ్యమైన చెట్లకి వెర్బెనోన్ పొట్లాలు కట్టి కాపాడుకుంటారు కూడా. మీ ట్రాపు పొట్లం రమ్మనేది, అది పొమ్మనేది. రెండూ వినేది మీసం గుండు మీది మేకులే, వెర్బెనాల్‌కి ఒక రకం నరం, వెర్బెనోన్‌కి ఇంకో రకం. బీటిల్స్‌లో ఇలాంటి గుంపు పిలుపు వాసన ఏంటో మొదట తేల్చింది కూడా ఇప్స్ మీదే, 1966లో, మూడు పదార్థాలు కలిస్తేనే పని చేస్తాయని. మన ముక్కు పురుగు పిలుపు వాసన, ఫెరుజినియోల్ సంగతి 1993లో గానీ తేలలేదు.

ఇంక చంపడం. ఫ్లోయంలో పెద్ద పురుగులు నిలువునా, పిల్లలు అడ్డంగా తొలుచుకుంటూ పోతే ఆకులు తయారు చేసిన తిండి వేర్లకి దిగదు. దానికి తోడు బూజు. మౌంటెన్ పైన్ బీటిల్ నోట్లో ఓ విచిత్రం ఉంది, చెల్లీ ఇది తప్పకుండా పెట్టు, మాక్సిల్లా మొదట్లో, కార్డో అనే ముక్క దగ్గర, చిన్న సంచులుంటాయి, మైకాంజియా. గ్రాస్మానియా, ఒఫియోస్టోమా అనే బూజుల బీజాలు ఆ సంచుల్లో మోసుకొస్తుంది. కొత్త చెట్టు తొలిచేటప్పుడు అవి అంటుకుని, కట్టెలోకి నీలం మచ్చలా దిగి నీళ్లెక్కే దారి కూడా మూసేస్తాయి. అటు తిండీ కిందకి దిగదు, ఇటు నీళ్లూ పైకి ఎక్కవు. పిల్లలు ఆ బూజుని తిని పెరుగుతాయి. అంటే ఆ నోరు కోసేది, రుచి చూసేది మాత్రమే కాదు, విత్తనాలు మోసేది కూడా. అయితే ఇది అన్ని బార్క్ బీటిల్స్‌కీ నోట్లోనే ఉంటుందని రాయకు, సదరన్ పైన్ బీటిల్ ఆడదానికి ఆ సంచి మెడ వెనక ఛాతీ మొదటి భాగంలో ఉంటుంది, కొన్నింటికి సంచే ఉండదు, ఒంటికి అంటుకుని వస్తాయంతే.

లంకపిల్ల_గన్నవరం

అమ్మో, థాంక్స్ అండీ, నోట్స్ రాసుకుంటున్నా. రంధ్రం లెక్క ఇప్పటికి అర్థమైంది. మరి ముక్కు పురుగుని చూపించొచ్చా లేదా? కట్టెల పురుగు సంగతి కూడా.

స్లైడ్_మాస్టారు

దానికి నేను చెప్తానమ్మా, ల్యాబులో పిల్లలతో తలలు కోయించడమే మా పని.

చూపించు, కానీ ఇదే అదీ అనకు, తేడాలు చూపించు, మార్కులు వాటికే. ముక్కు పురుగుకి నోరు ఆ పొడవాటి ముక్కు చివర ఉంటుంది, మాండిబుల్స్ ఆ కొసన చిన్నవి, మీసాలేమో ముక్కు మొదట్లో కళ్లకి దగ్గరగా పుడతాయి. బార్క్ బీటిల్‌కి ముక్కు లేదు, దవడలు తలకే బిగించి ఉంటాయి, తల మొత్తం సొరంగంలో పెట్టి తొలచాలి కాబట్టి. ముక్కు పురుగు ఆడది ఆ ముక్కుతో చిల్లు చేసి గుడ్డు పెట్టి పోతుంది, లోపలికి దూరదు. మగదాన్ని తీసుకుంటే ముక్కు మీద బ్రష్షులా వెంట్రుకల వరస ఉంటుంది, ఆడదానికి నున్నగా ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూపించు, క్లాసు నిద్ర లేస్తుంది. మోచెయ్యి మీసం, చివర గుండు, విడిగా లేబ్రం లేకపోవడం, పొట్టి పాల్ప్స్, ఇవి రెండింటికీ కలిసేవి.

చేసే విధానం. చచ్చిన పురుగుని వేడినీళ్లలో కాసేపు నానేస్తే కీళ్లు వదులవుతాయి, తల విడదీసి పది శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో రాత్రంతా ఉంచు, ముక్కు పురుగు తల దళసరి కాబట్టి ఇంకో పూట పట్టినా పడుతుంది. కండ కరిగిపోయి గట్టి పెంకు మాత్రం మిగులుతుంది. గ్లవ్స్ వేసుకో, కళ్లల్లో పడితే ప్రమాదం, ఇంట్లో చెయ్యకు. నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, గ్లిజరిన్ చుక్కలో పెట్టి సన్న సూదులతో ముందు మాండిబుల్స్, తర్వాత మాక్సిల్లా, చివరికి లేబియం తియ్యి. తీసినవి తీసినట్టే వరసగా పెట్టుకో, ఒకసారి కలిసిపోతే ఏది ఎడమో ఏది కుడో దేవుడికి కూడా తెలీదు. 40 లెన్స్‌లో పాల్ప్ చివర లేత రంగు గుండ్రటి మచ్చ, దాని మీద చుక్కలు కనపడతాయి, అవే రుచి మేకులు. వాటి కొసన రంధ్రం మాత్రం మన మైక్రోస్కోప్‌లో కనపడదు, దానికి బంగారం పూత వేసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడాలి, గోడ రంధ్రాలైతే అందులో కూడా బాగా పెద్దది చేస్తేనే. కాబట్టి నీ స్లైడ్ చూపించి రంధ్రాలు చూశాను అనకు, మేడం అడుగుతారు.

కట్టెల పురుగు సంగతి మీసం చూసి తేల్చుకో. మోచెయ్యి వంపు, చివర ఒకే ముద్దలా గుండు ఉంటే బార్క్ బీటిల్ కుటుంబమే, కాఫీ గింజ తొలిచే పురుగు కూడా ఆ కుటుంబానిదే. అలా కాకుండా మీసం వంపు లేకుండా తిన్నగా ఉండి చివర మూడు ముక్కలు విడివిడిగా రంపం పళ్లలా కనపడితే బోస్ట్రికిడ్, ఎండు కట్టె పిండి చేసే రకం. ఆరిన కట్టె, మెత్తటి పొడి అంటున్నావు కాబట్టి నా అనుమానం రెండోదాని మీదే, కానీ లెన్స్ పెట్టి చూడకుండా పేరు రాసెయ్యకు.

ఓడలరేవు_రాజు

ఇంతకీ మా సరుగుడు గూడు పురుగుకి ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు.

దేవదారు_నీడ

గూడు చీపురుతో ఊడ్చేసి చూడండి రాజు గారూ, కింద చిల్లుంటుంది, పగలు పురుగు అందులోనే దాక్కుంటుంది. ఇనప తీగ దూర్చి పొడిచేసి, చిల్లుని బంకమట్టితో మూసెయ్యండి. తోటలో నాలుగైదు చెట్లకే ఉంటే మందు అక్కర్లేదు, ఎక్కువుంటే విడిగా పోస్ట్ పెట్టండి, ఇక్కడ పాప థ్రెడ్ పాడవుతుంది.

లంకపిల్ల_గన్నవరం

మాస్టారూ, ఇప్పుడే ఫోన్ కెమెరాకి లెన్స్ తగిలించి చూశాను, మీసం తిన్నగానే ఉంది, చివర మూడు ముక్కలూ విడిగా కనపడుతున్నాయి, రెండోదే. నీడ అన్నయ్యా, మీ దగ్గర ఇప్స్ లాంగిఫోలియా చచ్చినవి ఏమైనా ఉంటే ఆల్కహాల్‌లో వేసి నాలుగు పంపగలరా, కొరియర్ ఖర్చు నాన్న ఇస్తామన్నారు.

దేవదారు_నీడ

ఆల్కహాల్ సీసా కొరియర్ వాళ్లు తీసుకోరమ్మా. ఎండబెట్టిన పురుగులు పంపొచ్చు, కాకపోతే ఆఫీసులో పర్మిషన్ తీసుకోవాలి, సోమవారం అడుగుతా. మీ మేడంతో కాలేజీ పేరు మీద ఒక రిక్వెస్ట్ లెటర్ రాయించి పెట్టుకో.